పెరటి బాదంపప్పుకి చేదు పరీక్ష

భవానీపురంలో మా పెరటి బాదం చెట్టు కింద గబ్బిలాలు కొరికి పడేసిన కాయల్ని నెల రోజులపాటు ఏరి, డాబా మీద ఎండబెట్టాను. ఈ రోజు మధ్యాహ్నమంతా కూర్చుని వాటిని రాయితో పగలగొట్టాను. బొటనవేలు రెండుసార్లు నలిగింది. చివరికి పాయసంలోకి గుప్పెడు పప్పు తేలింది.

మైలవరం నుంచి వచ్చిన మా అత్తగారు పళ్లెం అందుకున్నారు.

"ఒక్క చేదుది పడ్డా పాయసమంతా పాడైపోద్దండీ. నేను రుచి చూసి పెడతాలెండి."

చేతులు కడుక్కుని వచ్చేసరికి పళ్లెం ఖాళీ.

"ఒక్కటి కూడా చేదు లేదు అల్లుడుగారూ! నిశ్చింతగా వేసుకోండి."

అల్లుణ్ణి కదా, "మంచిదండీ" అన్నాను. పాయసానికి కొట్టు జీడిపప్పే దిక్కయింది. అందులో చేదేమైనా ఉందేమోనని ఇప్పుడు నేను రుచి చూస్తున్నాను. మీ ఇంట్లో ఈ పరీక్ష ఎవరు చేస్తారు?