మరకల పిన్ని

వీధి మలుపులో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే కొట్టు మరకల పిన్నిది. చొక్కా అందుకోగానే వెలుతురుకెత్తి, "టీ! అదీ నడుస్తూ తాగావు" అని పదిమందిలో చెప్పేస్తుంది. ఏం దాచినా దాచొచ్చు గానీ చొక్కా దాచలేమని ఆమె మొగుడి బాధ. ఒకరోజు కోటు కోసం వచ్చిన లాయరు, పై కోర్టులో కూడా కేసు పోయేలా ఉందంటూ ఒక ఫొటో చూపించాడు. హత్య చేశాడని తొమ్మిదేళ్లుగా జైల్లో ఉన్నవాడి చొక్కా అది. దెబ్బలు తిన్న మనిషిని లేవదీయబోతే చొక్కా చేతికి నెత్తురంటిందని వాడి మొర. మరి రొమ్ము మీది చుక్కలో? కొట్టినప్పుడు చిందినవేనని నిపుణుడి సాక్ష్యం. పిన్ని ఫొటోలోని చొక్కా చేతిని రొమ్ము మీదికి మడిచి, దీపానికి అడ్డంగా పట్టింది. చుక్క మీద చుక్క అచ్చుగుద్దినట్టు కూర్చుంది. "నెత్తురు తడారకుండా చొక్కా మడతపెట్టిన మహానుభావుడెవరయ్యా? మా కొట్లో అయితే చీవాట్లు తినేవాడు!" అంది. పై కోర్టులోనూ అలాగే మడిచి చూపించింది. ఆ మనిషి బయటికొచ్చాడు. మొన్న ఆ నిపుణుడే తన కోటు పట్టుకుని కొట్టుకొచ్చాడు. పిన్ని కోటు వెలుతురుకెత్తి, అలవాటు కొద్దీ నోరు తెరిచి, ఎందుకో ఆగింది. "ఇదేం మరకో మీరే చెప్పండి బాబూ." ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "తెలీదమ్మా" అన్నాడు. పిన్ని ఫక్కున నవ్వింది. "గురువారం రండి. చూశారా, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఆ తొమ్మిదేళ్లకు ముందే కోర్టులో అనుంటే ఏం పోయేది?"