వదిన పక్క సీటు

మా వదినకి ప్రయాణాలు పడవు. ఈ మాట ఆమె ముందు అనకూడదు. "పడకపోవడమేంటి? ఇంకా పడేలా చేసుకోలేదు, అంతే" అంటూ చేతిలో కత్తెర ఉందన్న సంగతి కూడా మర్చిపోయి నా మీదికొస్తుంది.

ఆమెది బట్టలు సరిచేసే షాపు. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, ఒళ్ళొచ్చినవాళ్ళకి కుట్లు విప్పి వదులు చెయ్యడం ఆమె పని. కొత్త బట్టలు కుట్టమంటే ససేమిరా అంటుంది. నేను అదే షాపులో వెనక బల్ల దగ్గర ఇస్త్రీ చేస్తాను. ఆడపడుచుని కాబట్టి జీతంతో పాటు నాలుగు మాటలనే హక్కు కూడా నాకుంది. ఆ హక్కుని నేనెప్పుడూ వృథా పోనివ్వలేదు.

వదిన వాళ్ళక్క కొండల అవతలి ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. ఇదివరకు అక్కడికి ఒక పాత రైలు ఉండేది. మలుపు వస్తే చాలు, ముసలాయన మెట్లు దిగినట్టు తాపీగా వెళ్ళేది. వదిన కళ్ళు మూసుకుని ఎలాగో చేరేది. దాన్ని తీసేసి కొత్త రైలు వేశారు. ఇది మలుపుల్లో వేగం తగ్గించదు, బోగీలన్నీ లోపలివైపుకి ఒరిగి దూసుకుపోతాయి. ఊరంతా మెచ్చుకుంది. వదిన మొదటిసారి ఎక్కి రెండో స్టేషన్లోనే దిగిపోయింది. అన్నయ్య వెళ్ళి తీసుకొచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఈలోగా వాళ్ళక్కకి చూపు తగ్గడం మొదలైంది. చుట్టూ నుంచి మూసుకొస్తోందట. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మాత్రమే కనిపిస్తుందట. మందు లేదనీ, వచ్చే ఏడాదికి ఆ కాస్త కూడా ఉండదనీ డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచీ ఆమె గడప దాటడం మానేసింది. ఫోన్లో మాత్రం నవ్వుతూనే మాట్లాడేది.

"నీ మొహం ఇంకోసారి చూడాలనుందే" అంది ఒకరోజు. "రాలేకపోతే పర్లేదులే. నాకు గుర్తుంది."

ఆ పూట వదిన కుట్టినవన్నీ మళ్ళీ విప్పాల్సొచ్చింది.

"అక్కకి చూపుండగానే వెళ్తాను. ఆ రైల్లోనే వెళ్తాను" అంది చివరికి.

"మత్తు బిళ్ళ వేసుకుని పడుకో వదినా, ఊరొచ్చాక లేపుతారు."

"అక్క చూడాలన్నది నా మొహం. నా గురక కాదు."

దారి చూపించింది ఒక ప్యాంటు. ఆ ఒరిగే రైలు నడిపే డ్రైవరే కొత్త యూనిఫాం పొడవు తగ్గించమని వచ్చాడు. వదిన నేల మీద కూర్చుని, అంచు మడిచి గుండుసూదులు పెడుతూ అడిగింది.

"మీకు కడుపులో తిప్పదా అండీ?"

"నాకెందుకు తిప్పుతుందమ్మా? మలుపు ఎక్కడొస్తుందో, ఎటు ఒరుగుతుందో ముందే తెలుసు కదా. ఒళ్ళు దానంతటదే సర్దుకుంటుంది. ఏమీ తెలియకుండా కూర్చున్నవాళ్ళకే బాధ."

వదిన తలెత్తి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఇక మన పని అయిపోయిందిరా బాబూ అనుకున్నాను.

"ఆ మలుపులన్నీ వరసగా చెప్పండి" అంది.

ఒక కాలి నిండా గుండుసూదులు. పాపం, ఎటు కదుల్తాడు? సొరంగం దాటగానే కుడికనీ, వంతెన మీద ఎడమకనీ, రాళ్ళ క్వారీ దగ్గర ఎడమకీ కుడికీ వెంటవెంటనే అనీ చెప్పుకొచ్చాడు. వదిన బట్టల మీద గీసే సుద్దతో కత్తిరింపు బల్ల మీద దారంతా గీసేసింది.

మర్నాడు సందు చివరి బొమ్మ రైళ్ళ షాపుకెళ్ళి అదే రైలు నమూనా కొనుక్కొచ్చింది. అట్టపెట్టె విప్పి పట్టాల మీద పెడితే చాలు, నడిచే రకం. పట్టా ఎటు వంగితే అటు బోగీ వాలేలా కింద చిన్న ఏర్పాటు కూడా ఉంది. అన్నయ్య నోరెళ్ళబెట్టాడు.

"అక్కని చూడాలంటే రైలెక్కాలి గానీ రైలు కొనడమేంటే?"

"ఎక్కడానికే కొన్నాను" అని వదిన సుద్ద గీత మీద పట్టాలు అతికించడం మొదలెట్టింది.

రైలు నడిపే పని నాకు అంటగట్టింది. ఇస్త్రీ పెట్టె వేడి చూసుకునేదానికి రైలు వేగం మార్చే గుండీ తిప్పడం ఒక లెక్కా అంది. తను బల్ల చివర స్టూలేసుకుని, గడ్డం పట్టాల ఎత్తుకి ఆనించి కూర్చుంది. బొమ్మ రైలు ఒరుగుతుంటే చూసినందుకే కడుపులో తిప్పింది. లేచెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, "మళ్ళీ నడుపు" అంది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ కడుక్కుంది. నాకు ఏడుపొచ్చింది గానీ కసురుకున్నాను. "ఇంక చాలు వదినా, మనిషివా మొండి గోడవా?" అన్నాను. ఆమె రైలుని మళ్ళీ మొదటి స్టేషన్లో పెట్టింది.

కొన్నాళ్ళకి కొత్త పేచీ తెచ్చింది.

"ఇది బొమ్మలా ఉంది."

"బొమ్మే కదా వదినా!"

"అదే తప్పు. కళ్ళు నమ్మితేగా ఒళ్ళు నమ్మేది!"

పెట్టెలో రైలుతో పాటు ఒక చిన్న పొట్లం ఇచ్చారు. అద్దాలు తుడిచే పుల్లలు, తలుపుల పక్క పట్టుకునే కమ్మీలు, బోగీల మధ్య గొట్టాలు, అన్నీ మనమే అతికించుకోవాలి. వదిన నోట్లో దారం కొస పెట్టుకుని, పట్టకారుతో ఒక్కొక్కటీ అతికించింది. కమ్మీ ఒకటి ఎగిరిపోతే సన్న సూది తుంచి పెట్టింది. ప్లాస్టిక్ మెరుపు పోయేలా పల్చటి రంగు పూసింది. చక్రాల దగ్గర కొండ దారి దుమ్ము కనిపించాలని మట్టి రంగు అద్దింది. తర్వాత ఒక బోగీ పైకప్పు ఊడదీసి, సీట్లకి రంగేసి, గింజంత మనుషుల్ని కూర్చోబెట్టింది. సీసంతో చేసిన మనుషులు, చిన్నవైనా బరువే. వాళ్ళంతా మా షాపుకొచ్చేవాళ్ళే. నడుము దగ్గర వదులు చెయ్యమని తరచూ వచ్చే లావుపాటాయన్ని నేను చూడగానే గుర్తుపట్టాను. మెడలో పసుప్పచ్చ కొలత టేపుతో కూర్చున్నది తను.

తీరా నడిపితే, ఆ బోగీ మలుపులో ఒరిగి మరి లేవలేదు. అలాగే పక్కకి వేలాడుతూ వెళ్ళి, మేము అట్టతో నిలబెట్టిన సొరంగం గోడని గీరి పట్టా తప్పింది. లోపలికి చూస్తే విషయం తెలిసింది. మహాతల్లి అందరికీ లోయ వైపు కిటికీ సీట్లే ఇచ్చింది!

"టికెట్టు కొనుక్కున్నవాళ్ళు కొండ గోడ చూస్తూ కూర్చుంటారా?" అని నా మీదే ఎగిరింది.

జనాన్ని పీకి అటూ ఇటూ సర్దాం. ఇంకా కొంచెం వాలుతూనే ఉంది. బొమ్మ వదిన పక్కన లావుపాటాయన కూర్చున్నాడు. పట్టకారు తీసుకుని ఆయన్ని నేనే పీకేశాను. బోగీ నిటారుగా నిలబడింది. పక్క సీట్లో జిగురు మచ్చ మాత్రం మిగిలింది.

ఆ తర్వాత వదిన రోజూ రైలుతో పాటు తనూ ఒరగడం నేర్చుకుంది. ఒకరోజు సొరంగం దాటగానే బోగీ కంటే ముందు ఆమె భుజం కుడికి వాలింది. ఆ పూట మొహం కడుక్కోవడానికి లేవలేదు.

"టికెట్లు తీయమను మీ అన్నయ్యని. నువ్వూ రావాలి" అంది.

తోడుగా సంచిలో ఆ బోగీని కూడా పెట్టుకుంది. అంత తయారీతో వెళ్ళి రైలెక్కామా, మా సీట్లు రెండూ వెనక్కి తిరిగున్నాయి. వదిన నేర్చుకున్నదంతా ఇంజను వైపు చూస్తూ. ఇప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. బోగీ నిండా జనం, మారడానికి చోటు లేదు. రైలు కదిలింది. మొదటి మలుపులో ఆమె కుడికి వాలితే రైలు ఎడమకి లాగింది. మొహం తెల్లబడింది. గుడ్డతో నోరు మూసుకుంది.

"దిగిపోదాం వదినా, వచ్చే స్టేషన్లో" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపి, సంచిలోంచి బోగీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. బోగీ ముందు భాగం ఇంజను వైపుకి, అంటే తన పొట్ట వైపుకి తిప్పింది. సొరంగం వచ్చింది. సొరంగం దాటబోతుండగా బోగీని దాని కుడికి వాల్చింది. అది ఆమెకి ఎడమ. అదెటు వాలితే తనూ అటు వాలింది. ఈసారి రైలు ఆమె వెనకే వచ్చింది.

అంతే, ఇక దారంతా అదే పని. వంతెన ముందు ఇటు, క్వారీ ముందు అటూ ఇటూ. ఎదురుగా కూర్చున్నవాళ్ళు, ఈవిడకి మతి చలించిందేమో అని గుడ్లు మిటకరించి చూశారు. నేను వాళ్ళని తిరిగి చూసిన చూపుకి మళ్ళీ కిటికీ వైపు తిరిగారు. వదిన చెమటలు కక్కింది, పెదవి కొరుక్కుంది, కానీ దిగలేదు. ఆ క్షణంలో మా అన్నయ్య ఇలాంటిదాన్ని కట్టుకున్నందుకు నాకు గర్వమేసింది.

వాళ్ళక్క తలుపు తీసి, వదినని దీపం దగ్గరికి లాక్కెళ్ళింది. చెల్లెలి మొహం మొత్తం ఒకేసారి కనిపించదు కాబట్టి, తల కొంచెం కొంచెం తిప్పుతూ నుదురు, కన్ను, చెంప, గడ్డం విడివిడిగా చూసుకుంది.

"చిక్కిపోయావే" అంది.

"తొందరేం లేదు, పూర్తిగా చూసుకో" అంది వదిన.

కాసేపయ్యాక బోగీని అక్క చేతుల్లో పెట్టి పైకప్పు తీసింది. అక్క వేళ్ళు కమ్మీల్ని, తుంచిన సూదిని, సీట్లనీ తడుముకుంటూ వెళ్ళి ఒక గింజంత తల మీద ఆగాయి.

"ఇది నువ్వా?"

"నేనే."

వేలు పక్కకి జరిగింది. "పక్కన ఎవరూ లేరేం?"

"నీ కోసం ఉంచాను" అంది వదిన, కనురెప్ప కూడా వెయ్యకుండా. "మలుపులన్నీ ముందే నేను చెప్తాగా. నువ్వు చూడక్కర్లేదు."

ఆ సీటెందుకు ఖాళీ అయిందో నాకు తెలుసు. నా నోరు ఊరుకునే రకం కాదని వదినకీ తెలుసు. గోడకేసి చూస్తూ కిమ్మనకుండా నిలబడ్డాను.

అక్క ఆ జిగురు మచ్చని వేలితో చాలాసేపు రాసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అమ్మాయ్, నా చెప్పులెక్కడున్నాయో కాస్త వెతుకుతావా?"