బోటు కూతకు ఎసట్లో బియ్యం

మా పాస్టరమ్మగారు చనిపోయారు. బాంబూఫ్లాట్‌లో మా తెలుగు చర్చి వెనకింట్లో ఉండే మనిషి, ఆదివారం వచ్చిన వాళ్లెవరినీ అన్నం తినకుండా బోటెక్కనివ్వని మనిషి, వానగాలికి బోట్లు ఆగిపోయిన ఒక మధ్యాహ్నం గుండెనొప్పితో పోయారు. మా జెట్టీలో నిలబడితే అవతల పోర్ట్‌బ్లెయిర్ కళ్లెదుటే ఉంటుంది. అక్కడి ఆసుపత్రికి రోడ్డు మీద చుట్టూ తిప్పి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. దేవుని చిత్తం అన్నారు అందరూ. నాకు ఆ మాట ఇంకా నోట రావడం లేదు.

పెళ్లయి ఈ దీవికి వచ్చిన కొత్తలో నాకు హిందీ ఒక్క ముక్క రాదు. మావారు పొద్దున్నే హార్డ్‌వేర్ షాపు తెరిస్తే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేవారు. మొదటి ఆదివారం చర్చిలో చివరి వరసలో కూర్చున్న నన్ను పాస్టరమ్మగారు వంటపాకలోకి తీసుకెళ్లి కత్తిపీట ముందుకు తోశారు. "ఏటమ్మా, బెంగెట్టుకున్నావా? ఉల్లిపాయలు తరుగు. ఎంత ఏడిసినా ఎవులూ అడగరు" అన్నారు. తనివితీరా ఏడ్చాను. ఆ రోజు నుంచి ఆ వంటపాకే నాకు పుట్టిల్లు.

ఆరాధన అయ్యాక మధ్యాహ్నం యవ్వనస్తుల కూటం ఉండేది. ఆ పిల్లల్లో ఎక్కువమంది అవతలి ఒడ్డు నుంచి వచ్చేవాళ్లే. అవతల చాథం జెట్టీలో బోటు బయల్దేరుతూ కూత వేయగానే పాస్టరమ్మగారు ఎసట్లో బియ్యం పోసేవారు. మా చర్చి మెట్ట మీద ఉంది కాబట్టి వంటపాక పొగ బోటులోంచే కనబడేది. పిల్లలు దిగి పైకెక్కి వచ్చేసరికి అన్నం వార్చి ఉండేది. "ఆంటీ, ఆజ్ పప్పుచారు హై క్యా?" అని ఎవరో ఒకరు గుమ్మంలోంచే అరిచేవారు. "హై బేటా, హై. ముందు కాళ్లు కడుక్కో" అనేవారు ఆవిడ. మా పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. వడ్డిస్తూ, గరిటె ఊపుతూ, ఒక్కో చరణం పాడి నేర్పేవారు. ముందు ప్రార్థన కదా అని పెద్దలు గొణిగితే, "కడుపు కాలతా ఉంటే పాటేటి పాడతారయ్యా?" అని కొట్టిపడేసేవారు.

ఆ పిల్లల్లో అవతలి ఒడ్డున షాదీపూర్ నుంచి వచ్చే కుర్రాడొకడుండేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చేపలు పట్టుకుని బతికే హిందూ కుటుంబం వాళ్లది. గిటారు బాగా వాయించేవాడు. బాప్తిస్మం మాట ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు, అతనూ అడగలేదు. ఒక ఆదివారం అందరం పళ్లేలు పట్టుకుని నిలబడి ఉండగా సంఘ పెద్ద ఒకాయన, "కొందరు కేవలం అన్నం కోసమే వస్తున్నారు. బాప్తిస్మం లేదు, బైబిలు లేదు" అన్నాడు. పేరు చెప్పలేదు గానీ అందరి చూపులూ ఒకవైపే వెళ్లాయి. ఆ కుర్రాడు పళ్లెం బల్ల మీద పెట్టేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పాస్టరమ్మగారు గరిటె పట్టుకునే ఆ పెద్దమనిషి ముందుకొచ్చారు. "మనం మాత్రం ఈ దీవికి దేనికొచ్చాం బాబూ? అన్నానికి కాదేటి?" అన్నారు. అంతమాత్రాన వెళ్లిపోయిన కుర్రాడు తిరిగి రాలేదు. ఆవిడ మాత్రం ప్రతి ఆదివారం అతని గుప్పెడు బియ్యం కలిపే పోసేవారు. "ఆడి అన్నం నా కాడే ఉందని సెప్పండర్రా" అని మిగతా పిల్లలతో కబురు పెట్టేవారు. అందరూ తిన్నాక గుమ్మంలో నిలబడి మెట్లవైపు చూసి, "బోటు తప్పిపోనాది కావాల" అనుకునేవారు. మిగిలిన ఆ అన్నం సాయంత్రం ఆవిడే మజ్జిగ పోసుకుని తినేవారు.

ఆవిణ్ణి సమాధి చేసిన రోజు వాన వెలిసింది, బోట్లు నడిచాయి. అవతలి ఒడ్డు నుంచి యవ్వనస్తులంతా వచ్చారు. నేను బియ్యం కడగబోతే మా సంఘంలో పెద్దావిడ చేయి పట్టుకుని ఆపింది. "చావింట పొయ్యి వెలిగిస్తారేటే?" అంది. "చర్చి పొయ్యి కదండీ" అన్నాను. "ఆ ఇంటి గోడనానుకునే కదా ఉంది" అంది. అందరూ తలూపారు. ఎవరో పాస్టరుగారికీ వాళ్ల పిల్లలకూ కారియర్ పంపారు. బోటులో వచ్చిన వాళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు, అది ఎప్పుడూ పాస్టరమ్మగారే చూసుకునేవారు కాబట్టి. మా మామగారు పోయినప్పుడు ఇదే పొయ్యి వెలిగించి, "ఏడిసి ఏడిసి ఉన్నోళ్లకే ఆకలెక్కువ, బేగి వడ్డించండి" అన్నది ఆవిడే.

భూస్థాపన అయ్యాక చూస్తే, ఆ షాదీపూర్ కుర్రాడు వంటపాక వైపు వెళ్తున్నాడు. గుమ్మంలో ఆగాడు. చల్లారిన పొయ్యినీ, బోర్లించిన గుండిగనీ చూశాడు. కుండలో నీళ్లు ముంచుకుని తాగాడు.

"తమ్ముడూ, మా ఇంటికి రా, అన్నం వండుతాను" అన్నాను.

"నహీ దీదీ, బోటుంది" అన్నాడు తలెత్తకుండానే. "నా అన్నం ఉంచిందని మావోళ్లు సెప్పేవోరు. సిగ్గేసి రాలేదు."

ఇంటికి పరుగెత్తి, పొద్దుటి ఇడ్లీలు డబ్బాలో సర్దుకుని జెట్టీకి వెళ్లేసరికి బోటు తాడు విప్పేశారు. అతను రెయిలింగ్ పక్కన నిలబడి జెట్టీ కొట్లో కొనుక్కున్న బన్ను తింటున్నాడు. పిలిచాను. అప్పుడే బోటు కూత వేసింది, నా గొంతు అతనికి వినబడలేదు. అతను మెట్ట మీద మా చర్చి వైపే చూస్తున్నాడు. నేనూ తిరిగి చూశాను. పొగ లేదు.