రోవెన్ కోసం రోకలి ఎత్తిన రోజు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు ఊళ్ల పరువు నా చేతుల మీదుగా ఒక్క పూటలో గంగలో కలవాల్సింది. ఎలాగో కలవలేదు. అందులో నా గొప్పేమీ లేదని ముందే ఒప్పుకుంటున్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. సూర్యాపేటలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పని. పగలంతా రాగి తీగ చుట్టేవాణ్ణి, ఇంటికొచ్చాక టీవీకి గేమ్ బాక్స్ తగిలించి ‘గ్రే ఫోర్ట్’ ఆడేవాణ్ణి. అది ఐదు భాగాల ఆట. రోవెన్ అనే గడ్డపు వీరుడు పోగొట్టుకున్న తన కోట కోసం కొట్లాడుతుంటాడు. ఇంటర్‌లో మొదలుపెట్టాను. ఆ ఎనిమిదేళ్లలో రోవెన్‌తో గడిపినంతసేపు మా చుట్టాల్లో ఎవరితోనూ గడపలేదు. మూడు ఊళ్ల అభిమానులకు ఫోన్లో ఒక గ్రూపు, దానికి నేనే అధ్యక్షుణ్ణి. ఎవరు ఎన్నుకున్నారని అడక్కండి, గ్రూపు పెట్టింది నేనే.

ఆఖరి భాగం వచ్చిన రోజు నుంచి నాకు నాలుగు రోజులు జ్వరం. అంటే, షాపులో అలా చెప్పాను. గ్రూపులో మిగతావాళ్లు ఇంకా మొదటి యుద్ధంలో ఉండగానే గురువారానికి నేను ముగించేశాను. రోవెన్ కోట గెలిచాడు. గేటు దగ్గర బాణం తగిలి పడ్డాడు, కళ్లు మూశాడు. తెర నల్లబడి పేర్లు రావడం మొదలైంది. రిమోట్ మంచం మీద విసిరేసి, వీధిలోకొచ్చి, గోడకు తల ఆనించి ఏడ్చాను. మేనమామ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఈ సంగతి మా అత్తదాకా పోనివ్వకండి.

ఏడుపు తగ్గాక కోపమొచ్చింది. ఇంట్లో రోవెన్ మాట ఎత్తొద్దని అమ్మకు గట్టిగా చెప్పాను. గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను: రోవెన్‌ను చంపేశారు, ఎనిమిదేళ్లు మనల్ని మోసం చేశారు, ఇక ఎవరూ ఆ ఆట ముట్టుకోవద్దు, నెట్‌లో దాని వీడియోలు చూసినవాడు ద్రోహి. కోదాడలో ఫోన్లు రిపేరు చేసే సుధీర్, నువ్వెలా అంటే అలాగే అన్నా అన్నాడు. మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే నజీర్ మాత్రం జర ఆగమని, తనే ఆడి చూస్తానని అన్నాడు. వాణ్ణి రెండు రోజులు గ్రూపులోంచి తీసేశాను.

ధర్నా చేద్దామంటే కంపెనీ ఆఫీసు సముద్రాల అవతల. అందుకని ఆదివారం మా మిద్దె మీద సంతాప సభ, షామియానా, రోవెన్ ఫ్లెక్సీకి బంతిపూల దండ. ఆఖర్లో నా గేమ్ బాక్స్‌ను నేనే రోకలితో పగలగొడతాను. సుధీర్ వీడియో తీసి పంపిస్తాడు. కంపెనీవాళ్లు సిగ్గుపడి ముగింపు మారుస్తారు. ఈ ప్లానులో నాకు ఏ లోపమూ కనిపించలేదు.

కానీ ఆ బాక్స్ రెండు ఎండాకాలాలు ఓవర్‌టైమ్ చేసి కొనుక్కున్నది. శనివారం దాన్ని మూడుసార్లు తుడిచాను. మాట ఇచ్చేశాను, తప్పితే మూడు ఊళ్లలో ఎక్కడా తలెత్తుకోలేను.

ఆదివారం ముప్పై మంది వచ్చారు, నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని. క్షమించి మళ్లీ చేర్చుకున్న నజీర్ కూడా వచ్చాడు. నేను మాట్లాడుతుంటే ఇద్దరు ముక్కు చీదారు. బాక్స్‌ను పీట మీద పెట్టి, కళ్లు మూసుకుని రోకలి ఎత్తాను. సరిగ్గా అప్పుడే అమ్మ మెట్లెక్కి వచ్చింది. పొద్దుటి నుంచి కారం దంచడానికి ఆ రోకలి కోసమే వెతుకుతోందట. ఫ్లెక్సీ చూసి ఆగిపోయింది.

"ఈ గడ్డపోనికి దండెందుకేసిన్రు?"

"సచ్చిపోయిండమ్మా."

"యాడ సచ్చిండురా? లేసి గొర్లు తోలుకుంట పోయిండు. నేను సూసిన."

ఎత్తిన రోకలి అలాగే పట్టుకుని అడిగితే సంగతి బయటపడింది. గురువారం నేను వీధిలో ఏడుస్తున్నప్పుడు అమ్మ సీరియల్ కోసం టీవీ ముందుకొచ్చింది. ఏ బటన్ నొక్కాలో తెలియక పేర్లన్నీ పోయేదాకా కూర్చుంది. అసలు ముగింపు ఆ పేర్ల తర్వాత ఉంది. నేను చూడలేదు. ఎందుకంటారా? మా దగ్గర సినిమా హాల్లో పేర్లు మొదలవగానే లేచి పరుగెత్తాలి, లేకపోతే స్టాండులోంచి బైకు తీయడానికి అరగంట పడుతుంది. ఇంట్లో స్టాండెక్కడిదని అడక్కండి, నా కాళ్లకు ఆ తేడా తెలియలేదు.

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. అమ్మ నా ముఖం వైపు చూడలేదు.

"కోట ఇడిసి గొర్లు కాస్తుండని నువ్వు నామోషీతోని ఏడుస్తున్నవనుకున్న. మీ నాయిన మోతె ఊర్ల గొర్లు కాసే నిన్ను ఐటీఐ సదివిచ్చిండు."

రోకలి కింద పెట్టేశాను. మూడు రోజులుగా అమ్మ నాతో ఎందుకు ముభావంగా ఉందో అప్పటికి అర్థమైంది. అందరి ముందే ఆమె చేతులు పట్టుకుని, నాయన పని నాకెప్పుడూ చిన్నతనం కాదని చెప్పాను. అమ్మ కొంగుతో నా ముఖం తుడిచింది. ముప్పై మంది చూస్తున్నారన్న ధ్యాస ఇద్దరికీ లేదు.

నజీర్ ఎవరినీ అడక్కుండానే కిందికెళ్లి టీవీ మోసుకొచ్చాడు. ఆఖరి యుద్ధం మళ్లీ ఆడాను. రోవెన్ పడ్డాడు, పేర్లు మొదలయ్యాయి. ముప్పై మందీ అలవాటు చొప్పున లేవబోయారు.

"కూసోండ్రి," అంది అమ్మ.

కూర్చున్నారు. పావుగంట పేర్లు చూశాం. అప్పుడు రోవెన్ వేలు కదిలింది. లేచాడు, కోట తాళాలు ఊరివాళ్లకిచ్చి, మందను తోలుకుంటూ కొండెక్కాడు. ఇక చూడండి మా మిద్దె. ఈలలు, కేకలు, బ్యాడ్జీలన్నీ గాల్లో. సుధీర్ దండ తెంపి పూలు అందరి మీదా చల్లాడు. మ్యాచ్ గెలిచామా అని పక్కింటివాళ్లు అడిగితే, అవును గెలిచామన్నాను. నా వీరుడు బతికాడు, నా బాక్స్ బతికింది, నేను రాజులా నిలబడ్డాను.

అమ్మ ఒక్కతే కళ్లు చిట్లించి తెర వైపు చూస్తోంది. "ఎనక కుంటి గొర్రెను ఇడిసిపెట్టి పోతుండు. ఈనికి గొర్లు కాసుడు రాదు," అంది.

ముగింపు మీద మూడు ఊళ్ల అభిమానులం కంపెనీకి పంపిన ఫిర్యాదు చివరికి అదొక్కటే.

ఆ మిద్దె మీదే, రోవెన్ సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట పేర్లన్నీ పోయి, లైట్లు వెలిగి, ఊడ్చే ఆమె వచ్చి చీపురుతో నా కాళ్లు తట్టేదాకా ఏ కథ ముందు నుంచీ లేవను. నా బైకు స్టాండులో ఒంటరిగా మిగిలినా సరే.