బళ్లారి కారుకు రెండో పన్ను

మా అత్తగారి ఊరు ఆలూరు మ్యాపులో మాత్రమే కర్నూలు జిల్లాలో ఉండేది. పెళ్లి చీరలు సరిహద్దు దాటి కర్ణాటకలోని బళ్లారిలో కొనేవాళ్లు, పన్ను నొప్పొస్తే బళ్లారికి పోయేవాళ్లు, డబ్బుల్ని దుడ్లు అనేవాళ్లు. కడప జిల్లా మైదుకూరులో పుట్టి పెరిగి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాకు మొదట్లో ఇదంతా నవ్వులాటగా ఉండేది. తీరా కారు కొనాల్సి వచ్చినప్పుడు నేనూ బళ్లారి దారే పట్టాను.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన కాలం అది. నేను పాఠాలు చెప్పే బడి ఆలూరికి దూరంగా, రేగడి చేల మధ్య ఒక పల్లెలో ఉండేది. పొద్దున ఒకే బస్సు. అది తప్పిందంటే ఆ రోజు నేను బడికి పోనట్టే. మోపెడ్ కొన్నాను గానీ, నాలుగు చినుకులు పడితే చాలు, రేగడి మట్టి చక్రానికి చుట్టుకొని బండి అడుగు కదిలేది కాదు. కుచ్చిళ్లు పైకి దోపుకొని, పుల్లతో మట్టి గీక్కుంటూ దారి మధ్యలో నిలబడిన రోజుల్లో నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. బస్సు కోసమో, మా ఆయన కోసమో, దారిన పోయే ఏ ట్రాక్టరు కోసమో ఎదురుచూసే బతుకు ఇక చాలనిపించింది. జీతంలో మిగిల్చుకున్నదంతా పెట్టి, ఒకరు వాడి అమ్మిన చిన్న తెల్ల కారు కొన్నాను. అది పిచ్చుక నీళ్లు తాగినట్టు పెట్రోలు తాగేది. బంకులో కుర్రాళ్లు "ఇంతేనా మేడం?" అంటే నాకు బిడ్డను పొగిడినంత సంతోషంగా ఉండేది.

కారు తేవడానికి బళ్లారికి అత్త కూడా వచ్చింది. అమ్మేవాడు బానెట్ ఎత్తి, ఇంజను వెనకున్న ఇనప గోడ మీద కొట్టిన అక్షరాలూ అంకెలూ చూపించాడు. అదే చాసిస్ నంబరు. "ఇదేనమ్మా దీనికి గుర్తు. ఇది చెడిపోతే బండి ఉండీ లేనట్లే" అన్నాడు. నేను టైర్ల అరుగుదల చూసుకుంటూ ఉన్నాను. అత్త మాత్రం ఆ మాట గుడిలో పూజారి చెప్పినంత శ్రద్ధగా వినింది.

అమావాస్య నాడు బండ్లకు పూజ చెయ్యడం ఆ పక్క వాడుక. లారీ అయినా, ట్రాక్టరైనా, చివరికి తోపుడు బండైనా సరే, పసుపూ కుంకుమా పడాల్సిందే. మా కారుకూ పడేది. అత్త చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, బానెట్ ఎత్తించుకొని, లోపలికి తల దూర్చి ఏదో పూసి వచ్చేది. ఏం పూస్తోందో నేనెప్పుడూ తొంగి చూడలేదు. బానెట్ ఎత్తి పట్టుకొని, బడికి పొద్దుపోతోందని సణుగుతూ నిలబడేదాన్ని.

అంతా బాగుందనుకుంటున్నప్పుడు పత్తికొండ దారిలో రవాణా శాఖ వాళ్లు బండి ఆపారు. కర్ణాటక నంబరు ఇక్కడ ఇన్నాళ్లు తిప్పకూడదట. బళ్లారి ఆఫీసు నుంచి అభ్యంతరం లేదని కాగితం తెచ్చుకొని, కర్నూలులో బండి చూపించి, జీవితకాలం పన్ను కట్టి, మన రాష్ట్రం నంబరు తీసుకోవాలట.

"జీవితకాలం పన్ను ముందే కట్టి ఉండాది గదా సార్" అన్నాను.

"అది వాళ్లకు కట్టింది మేడం. మనకు కట్టల్ల గదా."

జీవితం ఒకటే అయినప్పుడు దానికి రెండుసార్లు పన్నేమిటో నాకు అర్థం కాలేదు. మా బడి ఉన్న పల్లెకు రెండో బస్సు వెయ్యమని ఊరంతా వేలిముద్రలేసి అర్జీ పెట్టుకుంటే పలికిన నాథుడు లేడు. సొంతంగా కారు కొనుక్కుంటే మాత్రం చెయ్యి చాపుకొని ఎదురొచ్చారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే. ఇల్లు చేరేదాకా స్టీరింగుతోనే పోట్లాడుతూ వచ్చాను.

మా ఆయనది గుడ్డల అంగడి. మూరకు మూర కొలిచి ఇచ్చే మనిషి, మాట కూడా అట్లే కొలిచి మాట్లాడతాడు. "ఒక్కసారి కర్నూలుకు పోదాం. పనయితే అయింది. కాకపోతే మల్లా మల్లా తిరిగేది నా చేత కాదు. బళ్లారిలో కారు కొనేవాళ్లతో మాట్లాడి పెట్టినాను, వాళ్లకే ఇచ్చేద్దాం. నువ్వు బస్సుకే పో" అన్నాడు. ఆ చివరి మాట నా గుండెల్లో ముల్లులా దిగింది. పన్ను మీద కోపం ఒక పక్క, కారు పోతుందేమోనన్న భయం ఇంకో పక్క. ఆ వారమంతా నాకు ముద్ద సహించలేదు.

కర్నూలుకు అత్త కూడా బయల్దేరింది. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూట కట్టుకుంది. పనయ్యాక కారు ముందర కొట్టడానికని పీచుతో ఉన్న టెంకాయ ఒకటి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. బండ్లు చూసే మైదానంలో ఒక తుమ్మచెట్టు తప్ప నీడ లేదు. మా ముందు, మా కారు లాంటివి రెండు పట్టేంత పెద్ద బండి ఒకటి పొగ కక్కుతూ నిలబడి ఉంది. ఇక్కడి నంబరే కాబట్టి దాని పని చిటికెలో అయిపోయింది. అది వదిలిన పొగలోనే ఇన్‌స్పెక్టరు మా దగ్గరికి వచ్చాడు. నడివయసు మనిషి, చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

నేను ఊరుకోలేకపోయాను. "సార్, ఆ బండి ఒక్క రోజు తాగేది మా కారు వారం తాగుతాది. పొగ రాదు, రోడ్డు అరగదు. మాకు ఏమన్నా తగ్గించేది పోయి రెండోసారి కట్టమంటాండారే. ఇది న్యాయమా?"

ఆయన కోప్పడలేదు. "ఎక్కువ తాగే బండోడు బంకులో కట్టుకుంటాడు మేడం. పెట్రోల్లో కూడా పన్ను ఉండాది గదా. మీరు ఆడ తప్పించుకుంటాండారు, ఈడ కడతాండారు. తక్కువ తాగినారని తగ్గించమని నాకెవురూ చెప్పలేదు. చెప్పింటే ముందు నా స్కూటర్‌కే తగ్గించుకుందును" అని నవ్వాడు. బంకు సంగతి సబబుగానే తోచింది. రెండోసారి కట్టడం మాత్రం సబబుగా తోచలేదు. కాకుల్ని కొట్టి గద్దలకు వెయ్యడం అని లోలోపల అనుకొని ఊరుకున్నాను.

ఆయన బానెట్ ఎత్తించి లోపలికి చూశాడు. ముఖంలో నవ్వు పోయింది.

"ఏమప్పా, నంబరు యాడ?" అని మా ఆయన్ని అడిగాడు.

నేనూ వంగి చూశాను. నంబరు ఉండాల్సిన చోట వేలి మందాన పెచ్చు కట్టి ఉంది. పసుపు, కుంకుమ, నూనె, దుమ్ము పొరలు పొరలుగా పేరుకొని నల్లగా గట్టిపడిపోయింది. ఒక్క అంకె కనబడితే ఒట్టు. ఇన్‌స్పెక్టరు గోరుతో గీకాడు. ఎర్రటి పొడి రాలింది గానీ నంబరు జాడ లేదు.

"దొంగబండ్లకు ఇట్లనే ఏందో ఒకటి పూసి తెస్తారు. నంబరు తుప్పు తినేసింటే నేను చేసేదేమీ లేదు మేడం. బండి ఈడనే పెట్టి పోవాల" అన్నాడు.

మా ఆయన నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడంలోనే బళ్లారి బేరం, పొద్దున బస్సు, మట్టి గీకే పుల్ల అన్నీ కనబడ్డాయి నాకు. అత్త మీద అంత కోపం ఎన్నడూ రాలేదు. "ఏం పూసినావు అత్తా దానికి?" అని గట్టిగానే అడిగాను.

అత్త బెదరలేదు. "అది చెడిపోతే బండి లేనట్లే అని ఆయప్ప చెప్పలేదా? అందుకే చెడకుండా చూసుకుంటాండా. జరుగు మ్మే" అని నన్ను పక్కకు నెట్టి, ఒళ్లో టెంకాయ పీచు పీకింది. తుమ్మచెట్టు కింది టీ అంగడి నుంచి కాస్త కిరసనాయిలు తెమ్మని కొడుకును పురమాయించింది. పీచు అందులో ముంచి, ఇంట్లో ఇత్తడి చెంబు తోమినట్టు తోమడం మొదలుపెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను. తుప్పు తినేసి ఉంటుందనే అనుకున్నాను.

"చూడప్పా" అనింది అత్త.

కళ్లు తెరిచాను. నంబరు నిన్నో మొన్నో కొట్టినట్టు నిగనిగలాడుతోంది. ఒక్క అక్షరం చెదరలేదు, ఒక్క అంకె చెరగలేదు. ఇన్‌స్పెక్టరు దాని మీద కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దుతుంటే, అంకెలు ఒకటొకటే కాగితం మీదికి లేచి వచ్చాయి. బళ్లారి కాగితంతో సరిచూశాడు. అన్నీ కలిశాయి. పోయిన ప్రాణం లేచి వచ్చిందంటారే, అది నాకు ఆ తుమ్మచెట్టు నీడలో తెలిసింది.

"ఇంత పాత బండికి సగం నంబరన్నా తుప్పు పట్టి ఉంటాది. ఏం పూసినావు అవ్వా?" అన్నాడాయన.

"బొట్టు నిలబడల్లంటే కింద నూనె పుయ్యల్ల గదప్పా. ఆముదం పూస్తాండా. రాతి దేవునికి పూస్తాం, దీనికి పూస్తే తప్పా?"

ఆయన నవ్వుతూ సంతకం పెట్టాడు. మా ఆయన పోయి పన్ను కట్టి వచ్చాడు. పొద్దున దాకా పన్ను పేరెత్తితే భగ్గుమన్నదాన్ని, ఆ క్షణంలో మూడోసారి కట్టమన్నా కట్టేదాన్నేమో. అది అన్యాయమని ఇప్పటికీ అంటాను. కానీ ఆ మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద జొన్నరొట్టె తింటున్నప్పుడు నాకు ఎవరి మీదా కోపం లేదు. చాలా రోజుల తర్వాత ముద్ద రుచిగా ఉంది.

అత్త కారు ముందర టెంకాయ కొట్టి, చిప్ప చేతికిస్తూ అడిగింది. "అయితే ఇంగ ఇది మనదేనా?"

"మనదే అత్తా. పన్ను కట్టినాం గదా."

"మల్ల ఇన్నాళ్లు ఎవురిదనుకొని ఆముదం పూసినానే నేను?" అని వెనక సీట్లో కూర్చుని తలుపేసుకుంది.

మరుసటి పొద్దున కాఫీ తాగుతుంటే వీధి చివర బస్సు హారను వినబడింది. ఆ హారను వింటే గ్లాసు సగంలో వదిలి పరుగెత్తే పాత అలవాటు, కారు వచ్చాక కూడా నా కాళ్లకు పోలేదు. లేవబోయాను. అత్త వంటింట్లో నుంచే "పోనీలే మ్మే, దాన్ని" అని, గ్లాసులో ఇంకొంచెం కాఫీ పోసింది.