సాక్ష్యం చెప్పాక మాత్రలు

దేవుడు ఏ రోజైనా స్వస్థపరుస్తాడు గానీ, మా సంఘంలో మైకు మాత్రం ఆదివారమే దొరుకుతుంది. పాటలయ్యాక, వాక్యానికి ముందు, సాక్ష్యాల సమయం. ప్రభువు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పుకుంటారు. ఒకాయనకి పోయిన మోటారు సైకిలు దొరికింది. ఒకావిడ కొడుక్కి కాంట్రాక్టరు దగ్గర పని దొరికింది. మొదటి నెల జీతం అందిన సాక్ష్యం ఆవిడ ఇంకా చెప్పలేదు, మేం ఎదురు చూస్తున్నాం.

ఆ ఆదివారం మా అమ్మ లేచింది.

అమ్మకి సుగరు. నాన్న చనిపోయిన ఏడాదే బయటపడింది. మాది సముద్రం మీద బతికే కుటుంబం. మేనమామలు ఇప్పటికీ వేటకెళ్తారు, గంగమ్మకి మొక్కుతారు. నాన్న పోయినప్పుడు చుట్టాలంతా పెద్దకర్మ దాకా ఉండి వెళ్ళిపోయారు. సంఘంవాళ్ళు ఆ తర్వాత వచ్చారు. బియ్యం తెచ్చారు. రాత్రిళ్ళు ఒంటరిగా ఉండకూడదని అమ్మ పక్కన నేలమీద పడుకున్నారు. స్త్రీల కూడిక పెద్దావిడ ఒకామె రోజూ వచ్చి, అమ్మని కూర్చోబెట్టి తల దువ్వేది. దేన్నైనా వెక్కిరించడం నాకు అలవాటు. దీన్ని మాత్రం వెక్కిరించలేకపోయాను. ప్రయత్నించాను, కుదరలేదు. అలా అమ్మ బాప్తిస్మం తీసుకుంది, ఆమె వెనకాల తోకలా నేనూ తీసుకున్నాను.

సాక్ష్యం చెప్పిన ఆ వారం సంఘంలో మూడు రోజులు ఉపవాస ప్రార్థనలు జరిగాయి. అమ్మ నీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా కూర్చుంది. ఆ మర్నాడు పొద్దున్నే, ఇంకా ఏమీ తినకుండానే, మందుల షాపుకెళ్ళి వేలు గుచ్చి చూపించుకుంటే సుగరు నార్మల్ అని వచ్చింది. మూడు రోజులు పొయ్యి వెలిగించకుండా ఉండి, గ్యాసు తగ్గలేదు చూశారా అన్నట్టే ఇదీను. కానీ ఆ మాట అనే సమయానికి అమ్మ అప్పటికే మైకు దగ్గర ఉంది.

"నా సుగరు ప్రభువు తీసేసినాడు. నాను సెప్పడం గాదు, మిషనే సెప్పింది. దేవునికే మహిమ."

జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోనులో తీశారు. సాయంత్రానికి ఆ వీడియో సంఘం వాళ్ళ యూట్యూబు ఛానెల్లో ఉంది.

మా మేనమామ కొడుకు, అంటే నా బావ, మర్నాడు పొద్దున వేట నుంచి వచ్చి మా ఇంట్లో చేపలు ఇస్తూ ఆ వీడియో చూశాడు. వాడికి దేవుళ్ళ మధ్య తగువులో ఆసక్తి లేదు. లెక్క తప్పితే మాత్రం ఊరుకోడు.

"అత్తా, మూడ్రోజులు వలెయ్యకపోతే బుట్టలో సేపలుండవు. అలాగని సముద్రంలో సేపలు అయిపోనాయంటామేటి?"

"నోరుముయ్యి. నీకు విశ్వాసం నేదు."

"నాకు నేదు గానీ సుగరుకి ఉన్నాదేటి? తిన్నాక సూపించు ఓపాలి."

అమ్మ చూపించలేదు. తిన్నాక చూపించుకోవడమంటే దేవుణ్ణి పరీక్షించడమే అంది. తినక ముందు చూపించుకున్నదాన్ని ఏమంటారో నేను అడగలేదు.

నెల నెలా మాత్రలు తెమ్మని నా ప్రాణం తీసే మనిషి ఆ నెల అడగలేదు. మర్చిపోయిందేమో అనుకుని నేనే తెచ్చి ఇచ్చాను. మాత్రల అట్ట వైపు కూడా చూడకుండా అలమర మీద పెట్టింది. మళ్ళీ చూస్తే పాత అట్టలు కూడా అక్కడే నిండుగా ఉన్నాయి.

"ఏటమ్మా, ఏసుకోవట్లేదేటి?"

"సాక్ష్యం సెప్పీసినాను కదరా. సంఘమంతా ఇన్నారు. ఇప్పుడు మాత్ర మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి సేసినట్టు గాదేటి?"

నాకప్పుడు అర్థమైంది. ఆమె మందు మానింది రోగం పోయిందని నమ్మి కాదు, పోయిందని నలుగురిలో చెప్పినందుకు. నమ్మకమైతే ఎప్పుడో ఒకప్పుడు సడలుతుంది. పరువు సడలదు.

"సువార్త రాసినోళ్ళలో ఒకాయన వైద్యుడే కదమ్మా" అన్నాను. ఆదివారం బడిలో నేర్చుకున్నది జీవితంలో ఒక్కసారైనా పనికొస్తుందనుకున్నాను.

"ఆయన సువార్త రాసినాడు గానీ మాత్రలు రాయలేదు."

ఇంటికి ఒక్క జోకరే చాలని మా నాన్న అనేవాడు. వాడు నేనే అనుకుంటూ ఇన్నాళ్ళు బతికాను.

సాక్ష్యం చెప్పిన మనిషికి గిరాకీ ఎక్కువ. గృహకూడికలకి అమ్మని పిలవడం మొదలెట్టారు. పూర్ణా మార్కెట్ వెనక సందుల్లో ఒక ఇల్లు, రైలు కట్ట పక్కన ఒక ఇల్లు, కొండ మీద మెట్లన్నీ ఎక్కితే వచ్చే ఇంకో ఇల్లు. ఎక్కడికెళ్ళినా అదే సాక్ష్యం, చివర్న టీ, బిస్కెట్లు. ఆ టీలో పంచదార వేస్తే వద్దనడానికి లేదు కదా, సుగరు పోయినావిడ. అందరి ముందు తాగేది. చిన్నప్పటి నుంచీ నేను అమ్మని అంత సంతోషంగా చూడలేదని కూడా చెప్పాలి. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గిందని మేమంతా మాట అన్న మనిషి. అక్కడ ఆమె నోరు తెరిస్తే అందరూ ఏడ్చేవారు.

ఆ నడకలకని కొత్త చెప్పులు కొనుక్కుంది. కుడి కాలి బొటనవేలి పక్కన చెప్పు కరిచింది. చిన్న పొక్కు. పొక్కు పగిలింది, పుండైంది, మానలేదు. ప్రార్థన చేసిన నూనె రాసింది. ఆ నూనెలో కనీసం పసుపైనా లేదు. తర్వాత మేజోళ్ళు వేసుకోవడం మొదలెట్టింది. విశాఖపట్నంలో, మే నెలలో, ఇంట్లో మేజోళ్ళు. చలేస్తోందంది.

నేను పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. మంచి మనిషి. దొంగ అయ్యుంటే నాకు సులువుగా ఉండేది. ఆయన భోజనం ముగించి, బీపీ మాత్ర చేతిలో పెట్టుకుని నీళ్ళ కోసం చూస్తున్నారు. నన్ను చూసి దాచలేదు కూడా. నోట్లో వేసుకుని, గ్లాసు దించి, "ప్రభువునందు వందనాలు బాబూ" అన్నారు.

సంగతి చెప్పాను.

"మందులు మానమని నేనెప్పుడూ చెప్పలేదే" అన్నారు.

నిజమే. చెప్పలేదు.

"మానొద్దని చెప్పండి అయ్యగారూ. మీరు చెప్తే వింటుంది."

"ఆమె విశ్వాసం చాలా గొప్పది బాబూ. దాన్ని నేను కదిలించకూడదు. ఆ సాక్ష్యం విని ఎంతమంది బలపడ్డారో నీకు తెలీదు."

"వాళ్ళంతా బలంగానే ఉన్నారండి. మా అమ్మే నడవలేకపోతోంది."

ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనో ఆలోచనో నాకు తెలియలేదు. ఆదివారం చెప్తానన్నారు. మాట తప్పలేదు. ప్రకటనల మధ్యలో, యూత్ మీటింగు టైముకీ గుడి సున్నం పనికీ మధ్య, "దేవుడు వైద్యుల ద్వారా కూడా స్వస్థత ఇస్తాడు, మందులు నిర్లక్ష్యం చేయకండి" అన్నారు. నేను అమ్మ వైపు చూశాను. అందరితో పాటు "ఆమేన్" అంది.

ఆటోలో అడిగాను, విన్నావా అని.

"ఇన్నాను. అది విశ్వాసం సాలనోళ్ళకిరా."

తర్వాత సంగతి ఎక్కువ లేదు. ఒక పొద్దున జ్వరంతో లేవలేదు. మేజోడు విప్పితే వాసన వచ్చింది. బొటనవేలు, దాని పక్క వేలు నల్లగా ఉన్నాయి. బావకి ఫోను చేస్తే తడి లుంగీతోనే వచ్చాడు. అత్తని రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టాడు. దారి పొడుగునా ఒక్క మాట అనలేదు. వాడు మాట్లాడకపోవడం నేను చూసిన మొదటి అద్భుతం, దానికి మాత్రం ఎవరూ మైకు ఇవ్వరు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాలు చూసి, "మాత్రలు ఎప్పటి నుంచి మానేశారు?" అని అడిగింది.

"స్వస్థత అయినకాడి నుంచి" అంది అమ్మ.

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఇద్దరి మధ్య నేను దుబాసీని. "పోయిన వానాకాలం నుంచండీ" అన్నాను.

రెండు వేళ్ళూ తీసేశారు. ఇప్పటికైనా వచ్చారు కాబట్టి పాదం దక్కిందన్నారు.

మర్నాడు స్త్రీల కూడిక వాళ్ళు వచ్చారు. అరటిపళ్ళు, గ్లూకోజు బిస్కెట్లు తెచ్చారు. మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. పక్క మంచం మీదున్న భార్యకి తోడుగా ఆనందపురం నుంచి వచ్చిన రైతు ఒకాయన, ఎందుకైనా మంచిదని తనూ చేతులు జోడించాడు. ప్రార్థన అయ్యాక పెద్దావిడ, ఆ రోజుల్లో అమ్మకి తల దువ్వినామె, మంచం మీద కూర్చుని, అమ్మ జుట్టు చెవి వెనక్కి సర్దుతూ, ప్రేమగానే అంది.

"ఎక్కడో విశ్వాసంలో కొంత వెలితి వచ్చి ఉంటాదమ్మా. పరిశీలన చేసుకో."

"అవునక్కా" అంది అమ్మ.

"రెండు వేళ్ళంత వెలితుందంట ఆంటీ" అన్నాను. "నిన్ననే కోసి తీసేశారు."

ఎవరూ నవ్వలేదు. పక్క మంచం ఆయన నవ్వబోయి దగ్గాడు.

"నువ్వు బయటికెల్లు" అంది అమ్మ.

వెళ్ళాను. వరండాలో బావ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఏటైందని అడిగాడు. ఏమీ కాలేదన్నాను. "అవునక్కా" అన్న ఆ ఒక్క మాట నాకు ఇంకా మింగుడు పడలేదు. వేళ్ళు తీసేసినా ఏడవని మనిషి, తన తప్పేనని ఒప్పుకోవడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక లోపలికి వచ్చాను. అమ్మ గోడ వైపు తిరిగి ఉంది. తిరక్కుండానే చెయ్యి చాపింది.

"మాత్ర ఇయ్యి."

ఇచ్చాను. గ్లాసులో నీళ్ళు పోశాను. బతికినన్నాళ్ళలో నేను జోకు వేయకుండా ఊరుకున్నది అప్పుడే.

ఇప్పుడు ఇంట్లో రెండు పూటలా వేసుకుంటోంది. గుడికీ వెళ్తోంది, చేతికర్రతో. వెనక బెంచీలో కూర్చుంటుంది. గృహకూడికలకి ఎవరూ పిలవడం లేదు. సాక్ష్యాల సమయంలో పాస్టరుగారి చూపు ఆమె మీదుగా వెళ్ళిపోతుంది, ఆమె తల దించుకుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటున్నారు.

మాత్ర వేసుకునే ముందు అమ్మ గది తలుపు వేసి గడియ పెడుతుంది. నేను బయట గడప మీద కూర్చుంటాను. మొన్న సరిగ్గా ఆ వేళకే పెద్దావిడ వచ్చింది, అమ్మ ఏదని అడిగింది. లోపల ప్రార్థనలో ఉందన్నాను. ఆవిడ సంతోషించి, కదిలించొద్దులే అని వెళ్ళిపోయింది. నేను అబద్ధమాడానని మీరు అనుకోవచ్చు. గడియ వేశాక అమ్మ ఆ మాత్రని అరచేతిలో పెట్టుకుని, క్షమించమని ఎంతసేపు అడుగుతుందో తలుపు ఇవతల కూర్చున్నవాడికి తెలుసు.