కుట్టేసిన జేబులు

మొన్న కంటి పరీక్షకని మా అమ్మాయి నన్ను మెట్రోలో తీసుకెళ్ళింది. పుప్పాలగూడలో మేముండే అపార్టుమెంటు నుంచి ఆ దవాఖానకు కారులో వెళితే దారంతా ఆగి ఆగి వెళ్ళాలనీ, రాయదుర్గంలో రైలెక్కితే హాయిగా కూర్చుని పోవచ్చుననీ చెప్పింది. స్టేషన్లో తనిఖీ దగ్గర మా ముందు మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న అబ్బాయి ఒకడు నిలబడ్డాడు. మిషను దగ్గరున్న అమ్మాయి, "జేబుల ఏమేమున్నయో అన్ని ఈ డబ్బాల వెయ్యుండ్రి అన్నా, జర జల్ది" అంది. అతను తీస్తూనే ఉన్నాడు, ఎంతకీ తరగవు. తాళాలు, చెవుల్లో పెట్టుకునేవి, నలిగిన కాగితాలు, సగం తిన్న చాక్లెట్టు, ఆఖరికి ఒక స్టీలు చెంచా. ఇదెందుకని అడిగితే, "మధ్యాహ్నం డబ్బాల చెంచ మర్చిపోత అక్కా, అందుకే ఇది జేబులనే ఉంటది" అన్నాడు. వెనకున్న వాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. కానీ రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఆ చెంచా నా కళ్ళముందు నుంచి కదల్లేదు. జేబులోంచి జారిపడే చిన్న వస్తువు ఎంత పని చేయగలదో నాకు తెలిసినట్టు ఆ రైలులో ఇంకెవరికీ తెలిసి ఉండదనిపించింది.

నాకు పద్దెనిమిదో ఏట పెళ్ళయింది. కృష్ణ ఒడ్డు పల్లెటూరి నుంచి, నాలుగో తరగతితో చదువాపేసిన పిల్లని, హైదరాబాదు శివార్లలో కొత్తవాళ్ళకి విమానం నడపడం నేర్పే ఒక క్యాంపుకి కాపురానికొచ్చాను. అప్పట్లో అక్కడ రాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ ఉండేవి కాదు. మావారు విమానాల ఫిట్టరు. ఆయన ఏనాడూ ఎగరలేదు, ఎగిరేవాటిని చూసుకునేవారు. రెక్కలూ, తోకా, నడిపే కర్ర నుంచి వాటిదాకా వెళ్ళే తీగలూ కడ్డీలూ ఆయన పని. అన్నం తింటూ అప్పడం చేతిలో పట్టుకుని, రెక్క చివర ఇలా కాస్త వంగితే విమానం అలా తిరుగుతుందని చూపించేవారు, నేను అప్పడం విరిగిపోతుందేమోనని చూస్తుండేదాన్ని. ఆ రోజుల్లో క్వార్టర్లలో కాపురం చేసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఒకే వరసలో ఇరవై ఇళ్ళూ, అందరికీ ఒకటే కుళాయీ, ఒకరింట్లో పోపు వేస్తే పదిళ్ళలో తుమ్మడమూ మీకూ గుర్తుండే ఉంటుంది. మాకు గడియారం అక్కర్లేదు. పొద్దున్న ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి ఇంజన్లు మొదలయ్యేవి. రెండో మోత వినిపించిందంటే గిన్నెలు కడిగేసి నడుం వాల్చుకోవచ్చని లెక్క.

నేను వెళ్ళిన నాలుగో నెలలో ఒక విమానం కూలిపోయింది. క్యాంపు అవతల జొన్నచేలో పడింది. నేర్పే ఆయన బతికారు, నేర్చుకునే కుర్రాడు పోయాడు. ఏ దూరదేశపు పిల్లవాడో, అతని ఇనప్పెట్టె మీద తెల్లరంగుతో పేరు రాసి ఉంది, దాన్ని ఇద్దరు మోసుకుంటూ మా వరస ముందు నుంచే బండి దగ్గరకి తీసుకెళ్ళారు. ఎందుకు కూలిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ విమానాన్ని వారం క్రితం తనిఖీ చేసినవాళ్ళలో తానూ ఒకడినని మావారు ఒక్కసారే అన్నారు. అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. చనిపోయిన పిల్లవాడి గురించి ఏడుపు ఒకవైపు, రేపు తప్పు మావారి నెత్తిమీదకొస్తుందేమోనన్న భయం ఒకవైపు.

పక్కింట్లో ఒక అక్క ఉండేది. ఆమె భర్త మావారికంటే పదేళ్ళు సీనియరు ఫిట్టరు. ఆమెది మెదక్ వైపు. నన్ను చూసి, "ఏంది చెల్లె, గిట్ల తిండి మానుకొని కూసుంటె ఏమొస్తది? లే, నాతోని రా, దర్గకు పోయొద్దాం, మన ఫికర్ ఆయన చూసుకుంటడు" అని రెక్క పట్టుకుని బయల్దేరదీసింది. అక్కడ ఒక ముసలాయన నెమలీకలతో నా తలమీద తట్టి, వేలి కణుపంత రాగి తాయెత్తు ఒకటి చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి కట్టబోతే మావారు ఒప్పుకోలేదు. ఉంగరం గానీ, దారం గానీ, మెడలో గొలుసు గానీ ఒంటిమీద ఉంటే విమానం దగ్గరకి రానివ్వరని చెప్పారు. నాకు ఉక్రోషం వచ్చింది. చేతికి కట్టుకోకూడదన్నారు సరే, జేబులో పెట్టుకోకూడదని అనలేదు కదా అనుకున్నాను.

అప్పటిదాకా ఆయన పనిలో తొడుక్కునే డాంగ్రీని, అంటే చొక్కా ప్యాంటూ కలిపి కుట్టిన ఆ ఖాకీ బట్టని, ఆయనే ఉతుక్కునేవారు. ఆ ఆదివారం ఆయన ఊళ్ళోకి వెళితే నేను ఉతకడానికి తీశాను. చూద్దును కదా, రొమ్ము మీది రెండు జేబులూ నోరు మూసి కుట్టేసి ఉన్నాయి. ఎవరో తెలిసీ తెలియని దర్జీ మొత్తం క్యాంపుకి ఇలాగే కుట్టి పడేశాడనీ, మగవాళ్ళు కదా, పట్టించుకోకుండా తొడుక్కుంటున్నారనీ అనుకున్నాను. మా అమ్మ నాకు కుట్టుపని బాగా నేర్పింది. ఎడమవైపు జేబు కుట్టు జాగ్రత్తగా విప్పి, పోగులు రాకుండా అంచంతా కాజా కుట్టు వేసి, అడుగున తాయెత్తు పెట్టి, మడతపెట్టి అలమరలో ఉంచాను. ఆయన గుండెమీదే ఉంటుందని ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనానికొచ్చారు. వంకాయ కూర వడ్డించి, దాచుకోలేక, "ఏవండీ, పొద్దున్నుంచీ మీ జేబులో ఏమైనా తగిలిందా?" అని అడిగాను.

"నాకు జేబెక్కడిది? కుట్టేసి ఉంటుందిగా" అన్నారు ఆయన ముద్ద కలుపుతూ.

"పాపం ఎవరో అలా కుట్టేశారు. నేను విప్పి బాగుచేశాను."

కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. ఎడంచెయ్యి జేబులో పెట్టి చూసుకున్నారు. లోపలేమీ లేదు. నన్ను తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. ఏం పెట్టావు అన్నారు. తాయెత్తన్నాను. దేనితో చేసింది? రాగితో. ఎంతుంటుంది? వేలి కణుపు చూపించాను. గుండ్రంగా దొర్లుతుందా, బల్లపరుపుగా ఉంటుందా? దొర్లుతుందండీ అన్నాను. పొద్దున్న తాను మూడు విమానాల్లో తలకిందులుగా వంగి పనిచేశాననీ, ఆ మూడింట్లో రెండు ఇప్పుడు రెండింటికి లేస్తాయనీ అంటూనే ఎంగిలిచేత్తోనే సైకిలెక్కి వెళ్ళిపోయారు.

నేను గుమ్మంలో నిలబడ్డాను. ఇంజన్ల మోత మొదలైంది. ఒకటి, తర్వాత ఇంకొకటి. నాకు తెలిసిన దేవుళ్ళందరి పేర్లూ అయిపోయాయి. ఉన్నట్టుండి ఒక మోత ఆగింది, కాసేపటికి రెండోదీ ఆగింది. ఎండలో ఆ వరసంతా నిశ్శబ్దమైపోతే అన్ని ఇళ్ళలోంచీ ఆడవాళ్ళు బయటికొచ్చి మైదానం వైపు చూశారు. మావారు బయల్దేరబోతున్న విమానానికి ఎదురెళ్ళి, రెండు చేతులూ తలమీద అడ్డంగా పెట్టి ఆపారట. తర్వాత ఎవరో చెప్పారు, ఆయన చేతికి అన్నం మెతుకులు అంటుకునే ఉన్నాయట.

మూడు విమానాల్లోనూ అడుగు రేకులు విప్పారు. ఆ ఆపిన విమానంలో ఏమీ దొరకలేదు, దాని వెనకున్న దాంట్లోనూ లేదు. సాయంత్రానికి మూడోదాంట్లో, నడిపే కర్ర మొదట్లో, కడ్డీ కదిలే సందు పక్కన బెత్తెడు దూరంలో దొరికింది. ఆ సందులో ఇరుక్కుంటే కర్ర కదలదట. అది ఆ మధ్యాహ్నం ఎగరాల్సింది కాదు. కానీ పొద్దున్న మావారు పని ముగించాక ఒకసారి ఎగిరి, ముప్పావుగంట ఆకాశంలో తిరిగి వచ్చింది. దాన్ని నడిపిన ఇద్దరూ దిగి, అన్నాలు తిని, ఏమీ తెలియకుండా చెట్టు నీడన కూర్చున్నారట. నేను కాపాడమని పెట్టిన వస్తువు వాళ్ళ కాళ్ళ కింద దొర్లుతూ పైకెళ్ళి వచ్చింది.

మావారి డాంగ్రీ తీసేసుకుని విచారణ పెట్టారు. ఆయన ఇంటికొచ్చి అంతా సర్దుకుంటుందిలే అన్నారు. రెండోరోజు అక్క కుళాయి దగ్గర నన్ను పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పింది. "నీ మొగుడు ఏం రాసిచ్చిండో ఎరుకనా? రుమాలు పెట్టుకోనీకి కుట్టు నేనే ఇప్పుకున్న అని రాసిచ్చిండు. ఆ తాయత్తు గూడ నాదే అన్నడు. తెలిసీ ఇప్పినోన్ని ఇగ జన్మల విమానం ముట్టనియ్యరు చెల్లె. సామాన్ల గోదాంల కూసోవెడతరు." నా పేరు బయటికి రాకుండా చేశారన్నమాట. విమానం ముట్టుకోకుండా ఆ మనిషి బతకలేరని నాకు ఆ నాలుగు నెలల్లోనే తెలుసు. గోదాంలో కాయితాలు చూసే పని ఇస్తే ఎండిపోతారు.

నేను ఆయనతో చెప్పలేదు. చెబితే వెళ్ళనివ్వరు. మంచి చీర కట్టుకుని, సూదీ దారం ఒక రుమాల్లో చుట్టుకుని, భద్రత సంగతులు చూసే ఆఫీసరు గదికి నడిచి వెళ్ళాను. ఆయనది కడప జిల్లా. నన్ను చూసి లేచి, "ఏమ్మా, ఎవురి కోసం వచ్చినావు?" అన్నారు. అంతా చెప్పేశాను. దర్గా, ఆదివారం, ఉతుకు, అన్నీ. నమ్మరేమోనని సూది తీసి, కావాలంటే అదే కుట్టు మళ్ళీ వేసి చూపిస్తానన్నాను.

ఆయన బీరువాలోంచి డాంగ్రీ తీసి బల్లమీద పరిచారు. "అవసరం లేదు తల్లీ. ఇంత సన్నంగా కాజా కుట్టు యేసేది స్పానర్లు పట్టే చెయ్యి కాదని నాకు మొన్నే తెలుసు. అయినా నేను ఊహించుకొని రాయకూడదు. ఎవురో ఒకరు నోరు తెరిచి చెప్పాల" అన్నారు. మరి మావారిని క్షమిస్తారా అని అడిగాను. "విమానాన్ని ఆపినందుకు మెచ్చుకుంటా. అబద్ధం చెప్పినందుకు మాత్రం శిక్ష ఏస్తా. ఈ పొద్దు పెండ్లాం కోసం చెప్పినోడు రేపు స్నేహితుని కోసం చెప్తాడు, ఆ పొద్దు యా విమానంలో ఏముందో నాకు ఎట్ల తెలుస్తాది?" అన్నారు. తర్వాత ఆ జేబునే చూస్తూ, "జేబులెందుకు కుడతామో నీకు ఎవురన్నా చెప్పినారా?" అని అడిగారు. లేదండీ అన్నాను. "అది మా తప్పు" అని, ఆ మాట కాయితం మీద రాసుకున్నారు.

మావారికి పదిహేను రోజులు విమానం దగ్గరకి వెళ్ళకుండా శిక్ష పడింది, అంతే. ఆ తర్వాత కాపురానికొచ్చిన ప్రతి కొత్త కోడలినీ కూర్చోబెట్టి జేబుల సంగతి చెప్పే పని నాకూ అక్కకీ అప్పగించారు. అక్క అయితే, "దర్గకు తోల్కపోయింది నేనే, దీనికి సగం పాపం నాది" అని నవ్విస్తూ చెప్పేది. క్యాంపులో ఉన్నన్నాళ్ళూ ఆ పాఠం చెప్పాను. నాలుగో తరగతి చదివిన నేను.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా పోలేదు. నేను ఆఫీసుకి వెళ్ళానని తెలిసి ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు డాంగ్రీ తెచ్చి నా ఒళ్ళో పడేసి, "విప్పింది నువ్వేగా, కుట్టు" అన్నారు. కుట్టాను. పదిహేను రోజులూ అయ్యాక మొదటిసారి పనికి వెళ్ళే పొద్దున, గుమ్మం దగ్గర ఆగి, రెండు చేతులూ కాస్త ఎత్తి నాకెదురుగా నిలబడ్డారు. ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత కుట్టుమీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరదాకా తడిమి చూశాను. అది మొదలు రోజూ అంతే. కోపంగా ఉన్న రోజూ, కడుపుతో ఉన్న రోజూ, పిల్లకి జ్వరం వచ్చిన రోజూ, ఆ వేలు పెట్టి చూడకుండా ఆయన గుమ్మం దాటలేదు. ఆ ఉద్యోగం నుంచి బయటికొచ్చాక బాలానగర్లో ఒక వర్క్‌షాపులో చేరారు. అక్కడ విమానాలు లేవు, జేబులు కుట్టాల్సిన పనీ లేదు. అయినా పొద్దున్నే చేతులెత్తి నిలబడేవారు, నేను జేబులో రుమాలుందో లేదో చూస్తున్నట్టు తడిమి పంపేదాన్ని. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

ఇప్పుడు ఈ అపార్టుమెంట్లో పొద్దున తొమ్మిదింటికి లిఫ్టు ఖాళీగా ఉండదు. మా అమ్మాయీ అందరిలాగే కార్డు తగిలించుకుని, సంచి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుంటూనే ఫోన్లో మాట్లాడుతూ వెళుతుంది. కొన్ని సాయంత్రాలు అన్నం కలిపి తినకుండా కూర్చుంటుంది, ఏమైందే అంటే ఆఫీసులో ఏదో పడిపోయిందమ్మా, నీకు చెప్పినా తెలీదు అంటుంది. నిజమే, నాకు తెలీదు. మా కాలంలో మగవాడి పని ఎంత ప్రమాదమైనదైనా, దాన్ని అప్పడం ముక్కతో చూపించేవారు, తప్పు చేయడానికైనా దిద్దుకోవడానికైనా అందులో మా చేతికి ఒక కుట్టంత చోటుండేది. ఇప్పుడు పిల్ల గుమ్మం దాటుతుంటే నా చెయ్యి లేస్తుంది. ఎక్కడ తడిమి చూసి పంపాలో తెలియక, భుజం మీది జుట్టు సర్దినట్టు సర్ది దించేస్తాను.